ట్యాంకు కడిగితే పోని దూది

హైదరాబాద్‌లో వాషింగ్ మెషీన్లు, డ్రయ్యర్లు బాగుచేయడం నా పని. పదకొండేళ్లుగా చేస్తున్నాను. మొదట్లో డ్రయ్యర్ కోసం ఫోన్ రావడం చాలా అరుదు. మనకు ఎండ ఉంది, మేడ ఉంది, దండెం ఉంది. ఇప్పుడు కొండాపూర్, నార్సింగి, మణికొండ వైపు ఇరవయ్యో అంతస్తులో ఉండేవాళ్లకు దండెం కట్టుకునే చోటు లేదు. కొన్ని అపార్ట్‌మెంట్లలో బాల్కనీలో బట్టలు బయటికి కనిపించకూడదని అసోసియేషన్ రూలు కూడా పెట్టారు. అలా హీట్ పంప్ డ్రయ్యర్లు, అంటే బట్టల్లోని తేమను నీళ్లుగా మార్చి ఒక ట్యాంకులో నింపే మెషీన్లు, ఇళ్లలోకి వచ్చాయి. వాటితో పాటే ఒక కొత్త ఫిర్యాదు వచ్చింది: "నీళ్ల ట్యాంకులో దూది వస్తోంది."

2024 వానాకాలంలో మణికొండలో ఒక ఇంటికి ఇదే ఫిర్యాదు మీద మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నేను తప్పు చేశాను. ఆ తప్పు ఏమిటో, రెండోసారి వెళ్లినప్పుడు ఏం చూశానో వివరంగా రాస్తున్నాను. ఇదే తప్పు చాలా ఇళ్లలో జరుగుతోంది, మా మెకానిక్‌లలోనూ చాలామంది చేస్తున్నారు. దానివల్ల పనికొచ్చే పంపులు మార్చేస్తున్నారు, మంచి మెషీన్లు అమ్మేస్తున్నారు.

ఫిర్యాదు

ఇంట్లో ఐదుగురు. భార్యాభర్తలు, ఏడు నెలల పాప, అబ్బాయి తల్లిదండ్రులు. మెషీన్ 8 కిలోలది, కొని రెండేళ్లు దాటింది. పాప పుట్టినప్పటి నుంచి రోజూ ఒక లోడు, జూన్‌లో వానలు మొదలయ్యాక రోజుకు రెండు లోడ్లు.

జూలైలో ఆ అమ్మాయి ఫోన్ చేసి చెప్పిన మాటలు దాదాపు ఇవే: "అన్నా, ట్యాంకు బయటికి తీస్తే నీళ్లు మురికిగా ఉంటున్నాయి. బూడిద రంగు దూది తేలుతోంది, వాసన కూడా వస్తోంది. ట్యాంకు సగం నిండకముందే ఖాళీ చేయమని లైటు వెలుగుతోంది. ముందు రెండు గంటల్లో ఆరే బట్టలు ఇప్పుడు నాలుగు గంటలైనా ఆరడం లేదు."

ఇందులో నాలుగు విషయాలున్నాయి. దూది, వాసన, ముందే వెలిగే లైటు, ఆరడానికి పట్టే సమయం. నాలుగింటికీ కారణం ఒకటే అని ఆ రోజు నాకు తట్టలేదు. ఇంకో విషయం కూడా చెప్పింది. ఏప్రిల్‌లో వేరే మెకానిక్ వచ్చి పంపు పోయిందని కొత్తది వేశాడట. రెండు నెలలు బాగానే నడిచి మళ్లీ మొదలైందట. ఆ మాట దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది.

నీళ్లు ట్యాంకులోకి ఎలా వస్తాయి

ముందు ఇది తెలియాలి. లేకపోతే మిగతాదంతా చీకట్లో రాళ్లు వేసినట్టే ఉంటుంది.

హీట్ పంప్ డ్రయ్యర్‌లో వేడిగాలి డ్రమ్ములో తడిబట్టల మీదుగా వెళ్లి తేమను పట్టుకుంటుంది. డ్రమ్ము దాటగానే తలుపు దగ్గరున్న జాలీ ఫిల్టర్‌లోంచి వెళ్తుంది. బట్టల నుంచి రాలే పీచు, అదే మనం దూది అంటున్నది, ఎక్కువ భాగం అక్కడే ఆగాలి. తర్వాత కింద మూత వెనకాల ఒక స్పాంజ్ ఫిల్టర్ ఉంటుంది, జాలీని దాటిన సన్న పీచు అక్కడ ఆగాలి. ఆ తర్వాత గాలి కూలింగ్ కాయిల్‌ను తాకుతుంది. ఏసీలో ఉండే కాయిల్ లాంటిదే, సన్నటి అల్యూమినియం ఫిన్స్ వరసగా ఉంటాయి. చల్లటి గ్లాసు బయట నీళ్లు పట్టినట్టు, గాలిలోని తేమ ఆ ఫిన్స్ మీద నీరై కిందికి కారుతుంది. తేమ పోయిన గాలి పక్కనున్న వేడి కాయిల్ మీదుగా వెళ్లి మళ్లీ డ్రమ్ములోకి వస్తుంది. అదే గాలి తిరుగుతూ ఉంటుంది.

కారిన నీళ్లు మెషీన్ అడుగున ఒక చిన్న తొట్టిలో చేరతాయి. అక్కడ ఒక పంపు, ఒక ఫ్లోట్ ఉంటాయి. పంపు ఆ నీళ్లను సన్నటి పైపులోంచి పైన సొరుగులా ఉండే ట్యాంకుకు ఎక్కిస్తుంది. అంటే మన ఇంటి ఏర్పాటే. కింద సంపు, మోటారు, పైన ట్యాంకు.

ఈ మోడల్‌లో ట్యాంకు నిండిందని చెప్పే లైటుకు ట్యాంకులో ఏ సెన్సారూ లేదు. ట్యాంకు నిండితే మిగిలిన నీళ్లు వెనక్కి కింది తొట్టిలోకే కారతాయి. తొట్టిలో మట్టం పెరిగితే ఫ్లోట్ లేస్తుంది, లైటు వెలుగుతుంది. కాబట్టి ట్యాంకు సగమే ఉన్నా లైటు వెలిగిందంటే, కింద తొట్టి నిండి ఉంది, నీళ్లు పైకి ఎక్కడం లేదు అని అర్థం. లేదా ఫ్లోట్ పైకి లేచి అక్కడే ఇరుక్కుపోయింది అని. చాలా మెషీన్లలో ఇదే పద్ధతి. ఇది తెలియక జనం లైటు వెలిగిన ప్రతిసారీ ట్యాంకును తిట్టుకుంటూ కడుగుతారు.

మొదటిసారి నేను చేసిన పని

ట్యాంకు తీశాను. లోపల గోడలకు బూడిద రంగు జిగురు పట్టి ఉంది, వేలు పెడితే జారుతోంది. నీళ్లు పడే మూతి దగ్గర చిన్న జల్లెడ లాంటిది ఉంటుంది. అది పూర్తిగా దూదితో మూసుకుపోయింది. నీళ్లు లోపలికి పోలేక పక్కనుంచి పొంగి కిందికే వెళ్లిపోతున్నాయి. దొరికింది అనుకున్నాను. జల్లెడ కడిగాను, ట్యాంకు శుభ్రం చేశాను. వెనక కవరు విప్పి ఫ్లోట్ చుట్టూ పట్టిన దూది కూడా తీశాను. అర లీటరు నీళ్లు కింది తొట్టిలో పోసి చూస్తే పంపు చక్కగా ఎక్కించింది. లైటు ఆరిపోయింది. డబ్బులు తీసుకుని వచ్చేశాను.

పంతొమ్మిదో రోజు మళ్లీ ఫోన్.

ఓవర్‌హెడ్ ట్యాంకులో మట్టి కనిపిస్తే ఎవరైనా ట్యాంకు కడిగి ఊరుకుంటారా? సంపు చూస్తారు, సంపులోకి మట్టి ఎక్కడి నుంచి దిగుతోందో చూస్తారు. నేను మాత్రం పై ట్యాంకు కడిగి, సంపు పైపైన తుడిచి వచ్చాను. డ్రయ్యర్‌లో నీళ్లు వెళ్లే దారికి ట్యాంకు ఆఖరి చోటు. అక్కడ దూది కనిపిస్తోందంటే, దానికి ముందున్న ప్రతి చోటునూ దాటుకుని వచ్చిందని అర్థం. వెనక్కి నడుచుకుంటూ వెళ్లాలి. ఆ ఫోన్ వచ్చాక గానీ నాకు ఈ మాట గట్టిగా తట్టలేదు.

రెండోసారి

ఈసారి ముందే ఒక మాట చెప్పాను. "నేను వచ్చేదాకా ఏదీ కడగొద్దమ్మా. ట్యాంకు ఖాళీ చేయొద్దు, ఫిల్టర్ దులపొద్దు. మామూలుగా ఒక లోడు వేసి, బట్టల బరువు చూసి ఉంచండి." ఇది మెకానిక్‌లు అందరూ అడగాలి. ఇంటికి మనిషి వస్తున్నాడంటే మనవాళ్లు సిగ్గుపడి ముందే అన్నీ కడిగి పెడతారు. ఆధారాలన్నీ సింకులో పోతాయి.

వాళ్ల దగ్గర సూట్‌కేసు తూచే చిన్న కాటా ఉంది. పొడిబట్టలు 4 కిలోలు. వాషింగ్ మెషీన్‌లోంచి తీశాక 6.8 కిలోలు. డ్రయ్యర్ 3 గంటల 50 నిమిషాలు నడిచాక 4.4 కిలోలు, చేతికి ఇంకా తేమ తగులుతోంది. అంటే బట్టల నుంచి 2.4 లీటర్ల నీళ్లు పోయాయి. ట్యాంకులో నీళ్లు కొలిస్తే 0.9 లీటరే. మిగతా లీటరున్నర ఎక్కడ? కొంత కింది తొట్టిలో ఉంది. కొంత ఆవిరై యుటిలిటీ బాల్కనీ అద్దాలకు, గోడకు పట్టి కారుతోంది. గోడ మూలన అప్పటికే నల్లగా బూజు మొదలైంది.

ఈ తూకం పద్ధతి ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. బాగున్న మెషీన్‌లో బట్టలు కోల్పోయిన నీళ్లలో నూటికి ఎనభై, తొంభై వంతులు ట్యాంకులో కనిపించాలి. అంతకన్నా బాగా తక్కువుంటే దారిలో ఎక్కడో అడ్డుంది.

ప్లగ్గు తీసేసి, కాసేపు చల్లారనిచ్చి, ఆఖరి నుంచి మొదటికి బయల్దేరాను.

ట్యాంకు జల్లెడ మళ్లీ మూసుకుపోయింది. పైపులో జిగురు. పంపు రెక్కలకు వెంట్రుకలు, పీచు కలిసి తాడులా చుట్టుకుని ఉన్నాయి. ఏప్రిల్‌లో వేసిన పంపు అది, నాలుగు నెలలే అయింది. రెక్కలు విడదీసి కడిగి తిప్పితే హాయిగా తిరిగింది. పాత పంపు కూడా పోయి ఉండదని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. దానికీ ఇలాగే చుట్టుకుని ఉంటుంది. ఆ ఇంటివాళ్లు అనవసరంగా డబ్బు పెట్టారు.

తర్వాత ముందు వైపు కింద మూత తెరిచాను. స్పాంజ్ ఫిల్టర్ బయటికి లాగగానే దాని వెనక కూలింగ్ కాయిల్ కనిపించాలి, ఫిన్స్ మెరుస్తూ ఉండాలి. ఇక్కడ ఫిన్ ఒక్కటి కనిపించలేదు. కాయిల్ ముఖం మొత్తం తడి దూది పొరతో కప్పేసి ఉంది, పాత పరుపులోంచి తీసిన దూదిలా. మూల పట్టుకుని లాగితే ముక్కలుగా కాక చాపలా ఊడివచ్చింది. దోసిలి నిండింది.

ఆ పొరను పారేయకుండా వెలుతురులోకి తీసుకెళ్లి చూశాను. అడుగున తెల్లగా ఉంది, మధ్యలో బూడిద రంగు, పైన ముదురు ఎరుపు. ఆ అమ్మాయిని అడిగితే వెంటనే చెప్పింది. తెల్లది పాప పుట్టినప్పుడు కొన్న కొత్త కాటన్ గుడ్డలు. ఎరుపు రంగు టవల్స్ జూన్‌లో కొన్నారు. అంటే దూది కాయిల్ మీదికి ఒక్కసారిగా రాలేదు. డిసెంబర్ నుంచి నెలనెలా వస్తూనే ఉంది, మొన్నటి టవల్స్ దాకా వస్తోంది. నేను పంతొమ్మిది రోజుల క్రితం వెనక కవరు విప్పినప్పుడు ముందు మూత కూడా తెరిచి ఉంటే ఇదంతా అప్పుడే కనిపించేది.

ఇక నాలుగు ఫిర్యాదులూ ఒక్కచోట కలిశాయి. కాయిల్ మీద దూది పొర ఉంది కాబట్టి గాలి సరిగ్గా ఆడటం లేదు, బట్టలు ఆరడం లేదు. కాయిల్ మీద కారే నీళ్లు ఆ పొరను నానబెట్టి కొద్దికొద్దిగా కడుక్కుంటూ కిందికి తెస్తున్నాయి. అదే తొట్టిలోకి, పంపులోకి, ట్యాంకులోకి వస్తోంది. పంపుకు పీచు చుట్టుకుని, ఫ్లోట్ ఇరుక్కుని లైటు ముందే వెలుగుతోంది. నిలవ నీళ్లలో దూదికి సబ్బు, సాఫ్ట్‌నర్ శేషం తోడై జిగురు పట్టి వాసన వస్తోంది.

దూది ఎలా దాటింది

రెండు ఫిల్టర్లు ఉండగా ఇంత దూది కాయిల్‌కు చేరిందంటే రెండింటిలోనూ లోపం ఉండాలి. ముందు తలుపు దగ్గరి జాలీ ఫిల్టర్ తీసి దులిపాను. చూడటానికి శుభ్రంగానే ఉంది. దాని మీద గ్లాసుతో నీళ్లు పోశాను. మంచి జాలీలోంచి నీళ్లు వెంటనే కిందికి జారిపోతాయి. ఇక్కడ తామరాకు మీద బొట్టులా నిలిచిపోయాయి. కంటికి కనిపించని పొర పట్టి ఉందన్నమాట. సాఫ్ట్‌నర్ ఎక్కువ వాడే ఇళ్లలో ఇది మామూలు. పాప బట్టలు మెత్తగా ఉండాలని వీళ్లు చెప్పిన దానికి రెట్టింపు పోస్తున్నారు. పైగా ఫిల్టర్‌ను బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరబెడుతున్నారు. మన బోరు నీళ్లు ఎంత గట్టివో బకెట్ల అంచున తెల్లటి చారలు చూస్తే తెలుస్తుంది. ఆ ఉప్పే జాలీ కన్నాల్లోనూ పట్టుకుంటుంది.

జాలీలోంచి గాలి పోలేకపోతే ఫ్యాన్ ఊరుకోదు, లాగుతూనే ఉంటుంది. సందు ఎక్కడ దొరికితే అక్కడి నుంచి లాగుతుంది, గాలితో పాటు పీచునూ లాగుతుంది. సందు కోసం చీకటి గదిలోకి వెళ్లి ఫిల్టర్ లోపల ఫోన్ టార్చ్ పెట్టి తిప్పాను. మడత దగ్గర పెసరగింజంత వెలుగు చుక్క కనిపించింది. జాలీ చిరిగింది. వంటింట్లో గిన్నెలు తోమే గట్టి బ్రష్‌తో ఫిల్టర్‌ను రుద్దుతున్నారు, అక్కడ చిరిగింది. చిన్న చిరుగే అనిపిస్తుంది గానీ, మిగతా జాలీ పొరతో బిగుసుకుపోయినప్పుడు గాలంతా ఆ చిరుగుకే పరుగెత్తుతుంది.

ఇక స్పాంజ్. దాన్ని అమర్చిన తీరు చూస్తే పై అంచున వేలు దూరేంత ఖాళీ ఉంది. ఎవరు కడుగుతారని అడిగాను. ఆ ఇంటి పెద్దావిడ ముందుకొచ్చి, "నేనే కడుగుతా బాబూ, నెలకు రెండుసార్లు. తడిది పెడితే వాసనొస్తుందని బాల్కనీలో బాగా ఆరబెడతా" అంది.

"ఆరేదాకా మెషీన్ వేయరు కదమ్మా?"

"పాప బట్టలు ఆగుతాయా నాయనా? అది వేస్తూనే ఉంటాం."

అదీ సంగతి. వానాకాలంలో స్పాంజ్ ఆరడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ నాలుగు లోడ్లు స్పాంజ్ లేకుండా నడుస్తున్నాయి. ఆమె ఇంటి పనిని శ్రద్ధగా చేసే మనిషి. అసలు స్పాంజ్ కడగాలనే తెలియని ఇళ్లు నేను ఎన్నో చూశాను. ఆమె నెలకు రెండుసార్లు కడిగింది. కడిగాక ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. మెషీన్ అమర్చడానికి వచ్చిన మనిషి పది నిమిషాల్లో బటన్లు చూపించి వెళ్లిపోయాడట. పుస్తకం ఇంగ్లిషులో ఉంది. ఆ మెషీన్‌ను రోజూ వాడే మనిషి తెలుగు మాత్రమే చదవగలదు. ఈ విషయంలో నాకు బాధగా ఉంటుంది. వేలకు వేలు పోసి కొన్న వస్తువుకు తెలుగులో ఒక కాగితం ఇవ్వలేకపోవడం తప్పు.

శుభ్రం చేసిన తీరు

కాయిల్‌కు గంటన్నర పట్టింది. ఇక్కడ తొందరపడితే నష్టం. పైనున్న పొరను చేత్తోనే, గ్లవ్స్ వేసుకుని తీశాను. ఫిన్స్ అంచులు బ్లేడులా కోస్తాయి. తర్వాత వాక్యూమ్ క్లీనర్‌కు మెత్తటి బ్రష్ పెట్టి, ఫిన్స్ నిలువుగా ఉన్నాయి కాబట్టి పై నుంచి కిందికే లాగాను. అడ్డంగా లాగితే ఫిన్స్ వంగిపోతాయి. అలా వంగిన చోట గాలి పోదు, పీచు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. లోపలికి దిగిన దూది కోసం స్ప్రే బాటిల్‌తో మామూలు నీళ్లు కొట్టాను, నానాక మళ్లీ బ్రష్. కారిన నీళ్లు కింది తొట్టిలోకి వెళ్తాయి కాబట్టి మధ్యలో ఆగి స్పాంజ్ గుడ్డతో పీలుస్తూ వచ్చాను. అప్పటికే వంగి ఉన్న కొన్ని ఫిన్స్‌ను ఏసీ మెకానిక్‌లు వాడే దువ్వెనతో సరిచేశాను.

ఇంట్లో చేసుకునేవాళ్లకు గట్టిగా చెప్పేది ఒకటుంది. ఇనుప బ్రష్, ప్రెషర్ వాషర్, ఏసీ కాయిల్‌కు కొట్టే యాసిడ్ మందు ఇవేవీ వద్దు. కొత్త మెషీన్లలో చాలావాటిలో ఆర్‌290 అనే గ్యాస్ ఉంటుంది. అది ప్రొపేన్, మంట అంటుకునే గుణం ఉన్నది. కాయిల్ ట్యూబుకు కన్నం పడితే ఆషామాషీ కాదు. స్క్రూడ్రైవర్‌తో దూది గీకడం నేను చూశాను, భయం వేసింది. హెయిర్ డ్రయ్యర్‌తో కాయిల్ ఆరబెట్టడం కూడా అక్కర్లేదు, మూత తెరిచి ఉంచితే అదే ఆరుతుంది.

కింది తొట్టిని ఈసారి పైపైన తుడవలేదు. పంపు, ఫ్లోట్ రెండూ బయటికి తీసి, తొట్టి అడుగు కనిపించేదాకా కడిగాను. అడుగున వేలి మందం బురద ఉంది. పైపును పంపు దగ్గర, ట్యాంకు దగ్గర రెండు చోట్లా విడదీసి నీళ్లు కొట్టి జిగురు వదిలించాను.

ట్యాంకు మూతి ఇరుకు, చెయ్యి పట్టదు. పెద్దావిడే ఉపాయం చెప్పింది. "నూనె సీసా కడిగినట్టు గుప్పెడు బియ్యం వేసి ఆడించరాదూ?" అలాగే చేశాం. గోరువెచ్చటి నీళ్లు, గుప్పెడు బియ్యం వేసి గట్టిగా ఆడిస్తే గోడల జిగురంతా ఊడిపోయింది. ఒక్క గింజ మిగలకుండా నాలుగుసార్లు తొలిపాం. ఈ ఉపాయం అన్ని మెషీన్లకూ పనికిరాదని చెప్పాలి. కొన్ని మోడళ్లలో ట్యాంకు నీళ్లనే మళ్లీ కిందికి వదిలి కాయిల్‌ను కడుక్కునే ఏర్పాటు ఉంటుంది. వాటి ట్యాంకులో ఒక చిన్న ఫిల్టర్ కూడా ఉంటుంది. అలాంటి వాటిలో గింజ మిగిలితే వాల్వుకు అడ్డం పడుతుంది. వాటిని మామూలు నీళ్లతో ఆడించి, ఆ ఫిల్టర్‌ను విడిగా కడగడమే మంచిది.

అంతకుముందు వారం వాసన పోవాలని ఆ అబ్బాయి ట్యాంకులో బ్లీచ్ పోశాడట. మర్నాడు వెనిగర్ పోద్దామనుకుంటున్నాడు. నేను వద్దని గట్టిగా చెప్పాను. బ్లీచ్, వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరికి ప్రమాదం. పైగా పక్క గదిలో పసిపాప. జిగురుకు ఆహారం దూది, సబ్బు శేషం. ఆ రెండూ రాకుండా చేసి, ట్యాంకును ఖాళీగా ఉంచితే ఏ మందూ పోయక్కర్లేదు.

చిరిగిన జాలీ ఫిల్టర్‌కు కొత్తది తెప్పించాం. గమ్ముతో అతికించొచ్చు కదా అని అడిగారు. వేడికి, తడికి ఆ అతుకు ఎక్కువ రోజులు ఉండదు. అతుకు ఊడిందని కనిపెట్టేలోపు కాయిల్ మళ్లీ మూసుకుపోతుంది.

పరీక్ష

కొత్త ఫిల్టర్ వచ్చాక అవే బట్టలు, 4 కిలోలు, వాషింగ్ మెషీన్‌లో వాళ్లు ఎప్పుడూ వాడే 800 స్పిన్, అంటే నీళ్లు పిండటానికి డ్రమ్ము నిమిషానికి 800 చుట్లు తిరిగే వేగం, పెట్టించాను. 6.8 కిలోలే వచ్చాయి. డ్రయ్యర్ 2 గంటల 20 నిమిషాల్లో ఆపేసింది, బట్టలు పొడిగా ఉన్నాయి. మరుసటి రోజు స్పిన్ 1200కు పెంచమన్నాను. బట్టలు 6.1 కిలోలు వచ్చాయి, డ్రయ్యర్‌కు గంటా 50 నిమిషాలు చాలింది. ఆరిన బట్టలు 4.05 కిలోలు, ట్యాంకులో నీళ్లు 1.8 లీటర్లు. పోయిన 2.05 లీటర్లలో 1.8 ట్యాంకుకు చేరాయి. గోడకు చెమ్మ లేదు.

రెండు పరీక్షలూ విడివిడిగా ఎందుకు చేయించానంటే, స్పిన్ పెంచి, కాయిల్ కడిగి ఒకేసారి నడిపితే దేనివల్ల ఎంత బాగుపడిందో తెలియదు. కాయిల్ శుభ్రం చేసినందువల్ల గంటన్నర తగ్గింది. బటన్ ఒకటి నొక్కినందువల్ల ఇంకో అరగంట తగ్గింది. ముడతలు పడతాయని 800 వాడుతున్నామన్నారు. టవల్స్‌కు, పాప గుడ్డలకు ముడతల బాధ లేదు కదా, వాటికి 1200 పెట్టుకోమన్నాను. నీళ్లను వాషింగ్ మెషీన్‌లోనే పిండేయడం అన్నిటికన్నా చవక.

డ్రమ్ము లోపల రెండు స్టీలు పట్టీలు ఉంటాయి, బట్టల తేమను కనిపెట్టేవి అవే. వాటి మీద కూడా సాఫ్ట్‌నర్ పొర ఉంది, తడిగుడ్డతో తుడిచాను. ఆ పొర ఉంటే బట్టలు ఆరకముందే ఆరాయనుకుని మెషీన్ ఆగిపోయే అవకాశం ఉంది.

ఇంటివాళ్లు అడిగినవి

తాతగారు నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఇప్పుడు చాలా ఇళ్లలో అడుగుతున్నారు. "ఈ నీళ్లు ఆవిరి నుంచి వచ్చినవే కదా, ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చా? డిస్టిల్డ్ వాటర్ కొనే పని తప్పుతుంది." ఆయన లెక్క సగం సరైనదే. ఈ నీళ్లలో బోరు నీళ్లలోని ఉప్పు ఉండదు. కానీ బట్టల మీదుగా, కాయిల్ మీదుగా, తొట్టిలోంచి వచ్చిన నీళ్లివి. సన్న పీచు, సబ్బు, సాఫ్ట్‌నర్ అవశేషాలు కలిసి ఉంటాయి. బ్యాటరీ ప్లేట్లకు అవి మంచివి కావు. స్టీమ్ ఇస్త్రీ పెట్టెలోనూ వద్దు, కన్నాలు మూసుకుపోతాయి, పీచు మాడి తెల్ల చొక్కా మీద గోధుమ రంగు మరక పడుతుంది. నేల తుడుచుకోవడానికి, బాత్రూంలో పోయడానికి వాడుకోండి, చాలు. తాగే నీళ్ల బిందెల పక్కన మాత్రం ఈ ట్యాంకు పెట్టొద్దని చెప్పాను. ఆ రోజు అలాగే పెట్టి ఉంది, చూడటానికి నీళ్లు తేటగానే ఉంటాయి, పొరపాటు జరగడానికి క్షణం చాలు.

పెద్దావిడకు నేను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిచ్చాను. జాలీ ఫిల్టర్ ప్రతి లోడుకూ చేత్తో దులపాలి. పదిహేను రోజులకోసారి మెత్తటి బ్రష్‌తో కడగాలి, బోరు నీళ్లు కాకుండా ఇంట్లో తాగే ఫిల్టర్ నీళ్లతో చివరిసారి తొలపాలి, ఆరాకే పెట్టాలి. ట్యాంకు ప్రతి లోడు తర్వాత వంచేయాలి, లైటు కోసం ఆగొద్దు. రాత్రి ట్యాంకును సగం బయటికి లాగి ఉంచాలి. సాఫ్ట్‌నర్ సగం. కొత్త టవల్స్ మొదటి రెండు మూడుసార్లు విడిగా వేయాలి, పీచు ఎక్కువ రాలేది అప్పుడే. స్పాంజ్ లేకుండా మెషీన్ వేయనే వద్దు. ఇంకో స్పాంజ్ కొని పెట్టుకుంటే ఒకటి ఆరుతుండగా రెండోది లోపల ఉంటుంది. పెట్టేటప్పుడు నాలుగు మూలలూ వేలితో నొక్కాలి.

చివరి మాట దగ్గర ఆమె నన్ను ఆపి, స్పాంజ్ తన చేత్తో తీసి, పెట్టి, మూలలు నొక్కి చూపించింది. మూడోసారికి పై అంచు ఖాళీ లేకుండా కూర్చుంది.

అక్టోబర్‌లో

వానలు తగ్గాక నేనే ఫోన్ చేసి వెళ్లాను, డబ్బులు అడగలేదు. మొదటిసారి సగం పని చేసి తీసుకున్న డబ్బు ఇంకా నా మనసులో ఉంది. ముందు మూత తెరిచాను. ఫిన్స్ కనిపిస్తున్నాయి. కింది అంచున అక్కడక్కడా సన్నటి పోగులు, బ్రష్‌తో ఒక్కసారి లాగితే పోయాయి. పంపు రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. యుటిలిటీలో మేకుకు రెండో స్పాంజ్ వేలాడుతోంది.

ఆ రోజు లోడు అయ్యాక పెద్దావిడ ట్యాంకు నీళ్లు గాజు గ్లాసులో పోసి కిటికీ దగ్గర పట్టుకుని చూపించింది. నాలుగైదు తెల్లటి పోగులు తిరుగుతున్నాయి. "ఇంకా ఉంది కదా బాబూ" అని దిగులుపడింది. జాలీ కన్నం కన్నా సన్నగా ఉండే పోగులు ఎప్పుడూ కొన్ని దాటతాయమ్మా, ఇంతవరకు మామూలే అని చెప్పాను. గ్లాసు అడుగున మడ్డి చేరితే, లేదా నీళ్లు బూడిద రంగులోకి తిరిగితే ముందు టార్చ్ పెట్టి జాలీ చూసి, కింది మూత తెరిచి, ఆ తర్వాతే నాకు ఫోన్ చేయమన్నాను. ఆమె ఆ గ్లాసును సింకు పక్కన వేరుగా పెట్టింది, ఇక అది దీనికే అని.